ఫైబర్ కనెక్షన్ ఆర్డర్ల ఆటోమేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ నడుపుతున్న చిన్న, మధ్య తరహా ఆపరేటర్లకు, వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్ చూసుకునే వాళ్లకు. మొబైల్ కంపెనీల సంగతి అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

ఆర్డర్ ఫుల్‌ఫిల్‌మెంట్ అంటే ఏమేం వస్తాయి?

కస్టమర్ "సరే, పెట్టేయండి" అన్న దగ్గర్నుంచి మొదటి బిల్లు మొదలయ్యే దాకా జరిగే పనంతా. ఆ అడ్రస్‌కి ఫైబర్ అందుతుందో లేదో చూడటం, కేవైసీ, డబ్బు కట్టించుకోవడం, పోర్టు (తీగ తగిలించే చోటు) కేటాయించడం, మనిషిని పంపడం, ఓఎన్‌టీ (కస్టమర్ ఇంట్లో పెట్టే ఫైబర్ బాక్స్) బిగించడం, యూజర్ ఐడీ యాక్టివేట్ చేయడం, బిల్లింగ్‌కి చెప్పడం. ప్లాన్ మార్పు, ఇల్లు మారడం, కనెక్షన్ తీసేయడం కూడా ఆర్డర్లే. వాటిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం అక్కడివే.

ఫైబర్ లాగేది మనిషే కదా, ఇంక ఆటోమేట్ అయ్యేది ఏముంది?

డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ) లాగి, స్ప్లైస్ కొట్టి (ఫైబర్ కొసలు అతికించి), బాక్స్ బిగించడం ఒక పూట పని. కానీ కస్టమర్ మాత్రం నాలుగైదు రోజులు ఆగుతాడు. మిగతా టైమంతా ఎదురుచూపులే. డబ్బు పడిందని అకౌంట్స్ వాళ్లు చెప్పాలి. పోర్టు ఖాళీగా ఉందో లేదో ఎక్సెల్ షీట్ తెరిచి ఎవరో చూడాలి. టెక్నీషియన్ సీరియల్ నంబర్‌ని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆఫీసులో భోజనానికి వెళ్లినాయన తిరిగొచ్చి దాన్ని ఓఎల్‌టీలో (ఆఫీసు వైపు నుంచి ఫైబర్ లైన్లన్నిటినీ నడిపే మెషీన్) కొట్టేదాకా, టెక్నీషియన్ కస్టమర్ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు. ఆటోమేషన్‌తో తగ్గేది ఈ ఎదురుచూపులే. కేబుల్ లాగే వేగం పెరగదు.

ఒక ఆర్డర్ లోపల అసలు ఏం జరుగుతుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

తెనాలిలో ఒకావిడ 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, టీవీ మూడూ కలిపిన ప్లాన్ తీసుకున్నారనుకుందాం. కౌంటర్లో అది ఒకే ఆర్డర్, ఒకే రసీదు. సాఫ్ట్‌వేర్ దాన్ని మూడు సర్వీసులుగా విడగొట్టాలి. ఆ మూడింటికీ కింద ఒకే ఫైబర్ లైన్ ఉంటుంది కాబట్టి, ఆ లైన్‌ని నాలుగో సర్వీసుగా విడిగా పెట్టాలి. దానికి కావలసిన వస్తువులు: స్ప్లిటర్‌లో (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచేది) ఒక ఖాళీ పోర్టు, దాని వెనక ఓఎల్‌టీలో ఒక పాన్ పోర్టు (ఆ ఫైబర్ మొదలయ్యే చోటు), స్టోర్‌లో ఒక ఓఎన్‌టీ, ఫలానా మీటర్ల డ్రాప్ కేబుల్. ఇంటర్నెట్‌కి రేడియస్‌లో (లాగిన్‌లు సరిచూసే సర్వర్) యూజర్ ఐడీ, వీలాన్ (ట్రాఫిక్‌ని విడిగా ఉంచే దారి), స్పీడ్ ప్రొఫైల్. ఫోన్‌కి ఒక నంబరు, ఒక సిప్ అకౌంటు (ఇంటర్నెట్ మీద కాల్స్ నడిపే ఖాతా). టీవీకి ప్యాకేజీ.

ఇప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది తేలాలి. ఫోన్ నంబరు ఆర్డర్ పడగానే రిజర్వ్ చేసేయొచ్చు. రేడియస్ ఐడీ కూడా ముందే సృష్టించి, బ్లాక్ చేసి ఉంచుకోవచ్చు. ఓఎల్‌టీలో కాన్ఫిగరేషన్ మాత్రం ఓఎన్‌టీ సీరియల్ నంబర్ తెలిస్తే గానీ కుదరదు. టెక్నీషియన్ స్టోర్ నుంచి బాక్స్ తీసుకుంటే గానీ ఆ నంబర్ తెలియదు. బిల్లింగ్ అన్నిటికన్నా చివర. ఈ ముందువెనకల లెక్క చూసి పనులను ఒక్కొక్కటిగా వదిలేదే ఆర్కెస్ట్రేటర్.

ఈ సంబంధాలు ప్రోగ్రామ్ కోడ్‌లో ఉండకూడదు, ప్రొడక్ట్ కేటలాగ్‌లో (ఏ ప్లాన్‌లో ఏమేం ఉంటాయో రాసుకునే పట్టిక) ఉండాలి. కోడ్ నిండా "ఈ ప్లాన్ అయితే ఇలా, ఆ ప్లాన్ అయితే అలా" అని రాసుకుంటూ పోతే, మార్కెటింగ్ వాళ్లు సంక్రాంతి ఆఫర్ పెట్టిన ప్రతిసారీ డెవలపర్ రాత్రి కూర్చోవాలి.

టీఎంఎఫ్ 622, 641, 652 అని వెండర్లు చెబుతుంటారు. అవేంటి?

టీఎం ఫోరమ్ అనే టెలికాం పరిశ్రమ సంస్థ తయారుచేసిన ఓపెన్ ఏపీఐల (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతుల) నంబర్లు. 622 కస్టమర్ ఆర్డర్‌కి, 641 దాన్నుంచి పుట్టే సర్వీస్ ఆర్డర్లకి, 652 వస్తువులూ పోర్టుల ఆర్డర్లకి. పై ఉదాహరణలోని మూడు అంతస్తులే ఇవి. 620 కేటలాగ్‌కి, 645 ఫలానా అడ్రస్‌కి సర్వీస్ ఇవ్వగలమా అని అడగడానికి.

చిన్న ఆపరేటర్‌కి ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా అమలు చేయాల్సిన అవసరం లేదు. కానీ కొత్తగా రాయించుకుంటుంటే స్టేటస్ పేర్లయినా అక్కడివే వాడండి. అక్నాలెడ్జ్‌డ్, ఇన్ ప్రోగ్రెస్, పెండింగ్, హెల్డ్, పార్షియల్, ఫెయిల్డ్, కంప్లీటెడ్. మీ దగ్గర "ప్రాసెస్" అన్న ఒక్క మాట కిందే అన్నీ ఉంటే, పోర్టు లేక ఆగిన ఆర్డరూ, కస్టమర్ ఊరెళ్లి ఆగిన ఆర్డరూ రిపోర్టులో ఒకేలా కనిపిస్తాయి. ప్రతి హెల్డ్ (ఆగిన) ఆర్డర్‌కీ కారణం కోడ్ ఒకటి తప్పనిసరి చేయండి.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ కొనేస్తే సరిపోతుందా?

సరిపోదు. ముందు స్ప్లిటర్ పోర్టుల లెక్క తేల్చండి. ఈ పేజీలో ఒక్కటే చదివి మూసేసేవాళ్లుంటే, చదవాల్సింది ఇదే.

ఆర్డర్లు ఆగేది వర్క్‌ఫ్లో ఇంజన్ బాగోలేక కాదు. రికార్డులో 5వ పోర్టు ఖాళీ అని ఉంటుంది, స్తంభం ఎక్కి చూస్తే అందులో ఎవరిదో తీగ ఉంటుంది. రికార్డు తప్పైతే ఆటోమేషన్ ఆ తప్పునే మరింత వేగంగా చేస్తుంది. ఎక్సెల్ షీటు చూసి పోర్టు ఇచ్చే ఉద్యోగికి "ఆ బాక్సులో లెక్కలు సరిగ్గా లేవు, ఒకసారి లైన్‌మ్యాన్‌ని అడుగుదాం" అన్న అనుమానమైనా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ అనుమానం రాదు.

ఇందులో ఒక చిక్కుంది. ఓఎన్‌టీని లైన్‌కి తగిలించగానే ఓఎల్‌టీ దాన్ని గుర్తుపట్టి, సీరియల్ నంబర్, ఏ పాన్ పోర్టులో కనిపించిందో చెప్పేస్తుంది. కాబట్టి పాన్ పోర్టు వరకు లెక్క మెషీన్‌తోనే సరిచూసుకోవచ్చు. స్ప్లిటర్ మాత్రం కరెంటు లేని, తెలివి లేని గాజు ముక్క. 1:32 స్ప్లిటర్‌లో (ఒక లైన్‌ని 32గా విడగొట్టేది) ఏ కస్టమర్ ఏ కాలు (పోర్టు) మీద ఉన్నాడో ఓఎల్‌టీకి ఎప్పటికీ తెలియదు. అది కంటితో చూసి రాసుకోవాల్సిందే.

అందుకని ఇలా చేయండి. ఊళ్లో ఉన్న స్ప్లిటర్ బాక్సులన్నిటికీ ఒక నంబరు ఇచ్చి, చెరగని స్టిక్కర్ వేయించండి. ఏ పని మీద స్తంభం ఎక్కినా, మూత తీశాక ఒక ఫొటో, మూసేముందు ఒక ఫొటో తీసి యాప్‌లో పెట్టాలని నియమం పెట్టండి. మొత్తం ఊరిని ఒకేసారి సర్వే చేస్తామని కూర్చుంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు మొదట చేసిన వీధి లెక్కలు మారిపోతాయి. ఆర్డర్ వచ్చిన బాక్సునే ముందు సరిచేసుకుంటూ వెళ్తే, రద్దీ ఉన్న వీధులు వాటంతటవే ముందు శుభ్రపడతాయి. రోజూ రాత్రి ఓఎల్‌టీల నుంచి సీరియల్ నంబర్ల జాబితా లాగి రికార్డులతో పోల్చండి. రికార్డులో లేకుండా లైన్లో ఉన్న ఓఎన్‌టీలు బయటపడతాయి. వాటిలో కొన్ని బిల్లు లేకుండా నడుస్తున్న కనెక్షన్లు కూడా అయ్యుండొచ్చు. సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి యజమానిని ఒప్పించడానికి ఆ జాబితా కన్నా మంచి కాగితం దొరకదు.

ఫాలౌట్ అంటే ఏంటి? ఎందుకు అంతగా మాట్లాడతారు?

మధ్యలో మెషీన్ చేతులెత్తేసి మనిషి కోసం ఆగిన ఆర్డరే ఫాలౌట్. డెమోలో ఇది చూపించరు. డెమోలో ఆర్డర్ పడుతుంది, అన్ని గళ్లూ వరసగా ఆకుపచ్చ అవుతాయి, అందరూ చప్పట్లు కొడతారు. మీరు అడగాల్సింది: "ఇప్పుడు ఓఎల్‌టీని ఆపేసి అదే ఆర్డర్ మళ్లీ పంపండి, ఏమవుతుందో చూద్దాం."

తరచూ వచ్చే ఫాలౌట్ ఒకటి చూద్దాం. జీపాన్ (ఒక రకం ఫైబర్ టెక్నాలజీ) ఓఎన్‌టీ సీరియల్ నంబర్‌లో మొదటి నాలుగు అక్షరాలు తయారీదారు కోడ్, తర్వాతి ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెలు. అంటే ఆ ఎనిమిదింటిలో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ దాకా తప్ప ఇంకేమీ రాకూడదు. టెక్నీషియన్ చీకట్లో స్టిక్కర్ చూసి సున్నా (0) బదులు ఇంగ్లిష్ 'O' కొడతాడు, ఒకటి (1) బదులు 'I' కొడతాడు. ఓఎల్‌టీకి ఆ నంబరు ఎప్పటికీ కనబడదు, ఆర్డర్ ఆగిపోతుంది. ఈ తప్పును ఫారంలోనే పట్టేయొచ్చు. మొదటి నాలుగు తర్వాత ఓ, ఐ, ఎస్ లాంటివి వస్తే తీసుకోకూడదు. 8కి, బీకి మధ్య పొరపాటును మాత్రం ఈ నియమం పట్టలేదు, రెండూ చెల్లే అంకెలే. అందుకే చేత్తో కొట్టించకుండా బార్‌కోడ్ స్కాన్ చేయించండి. ఇంకా మంచిది: ఆ స్ప్లిటర్ ఉన్న పాన్ పోర్టులో గత పది నిమిషాల్లో కొత్తగా కనిపించిన ఓఎన్‌టీని ఓఎల్‌టీ నుంచే తెచ్చి, "ఇదేనా?" అని టెక్నీషియన్ ఫోన్లో చూపించడం.

ఫాలౌట్‌కి ఒక క్యూ ఉండాలి, ఆ క్యూకి ఒక మనిషి ఉండాలి. "టీమ్ అంతా చూసుకుంటుంది" అంటే ఎవరూ చూడరు. తప్పు సందేశం కూడా పని చెప్పేలా ఉండాలి. "ఎర్రర్ 500" కాదు, "ఈ సీరియల్ వేరే కస్టమర్ పేరు మీద ఇప్పటికే ఉంది, పాత ఆర్డర్ ఇదీ" అని రావాలి.

మధ్యలో కస్టమర్ వద్దంటే వెనక్కి ఎలా తీసుకురావాలి?

ప్రతి పనికీ దాని వ్యతిరేక పని ముందే రాసిపెట్టుకోవాలి. పోర్టు కేటాయించడానికి పోర్టు విడుదల, నంబరు రిజర్వ్‌కి నంబరు తిరిగి ఇచ్చేయడం, అడ్వాన్స్‌కి రిఫండ్. డేటాబేస్ పరిశోధనలో 1987 నుంచి ఉన్న సాగా అనే పద్ధతి ఇదే. ఆర్డర్ రద్దయితే, చేసిన పనులను వెనక నుంచి ముందుకు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వస్తుంది.

కానీ అన్నీ విప్పలేం. లాగిన డ్రాప్ కేబుల్ లాగినట్టే ఉంటుంది, తెంపిన ముక్క మళ్లీ డ్రమ్ములోకి వెళ్లదు. కాబట్టి "ఇక్కణ్నుంచి రద్దు కుదరదు, డిస్‌కనెక్షన్ ఆర్డరే వేయాలి" అన్న గీత ఎక్కడో ఒకచోట గీయాలి. చాలామందికి టెక్నీషియన్ కస్టమర్ ఇంటికి బయల్దేరిన క్షణం సరైన గీత. ఆ గీత దాటాక కౌంటర్ ఉద్యోగికి రద్దు బటన్ కనబడకూడదు.

ఒకే ఆర్డర్ రెండుసార్లు పడుతోంది. ఎందుకు?

పేమెంట్ గేట్‌వే "డబ్బు వచ్చింది" అన్న సందేశాన్ని జవాబు ఆలస్యమైతే మళ్లీ పంపుతుంది. అది దాని తప్పు కాదు. ఆర్డర్‌కి ముందే ఒక విశిష్ట నంబర్ ఇచ్చి, అదే నంబర్‌తో రెండోసారి వస్తే కొత్తది సృష్టించకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి. ఓఎల్‌టీ, రేడియస్‌లకు పంపే కమాండ్లకూ ఇదే సూత్రం.

ఎల్‌సీఓలు (లోకల్ కేబుల్ ఆపరేటర్లు) యాప్ వాడరు, ఫోన్ చేసి చెబుతారు. ఏం చేయాలి?

ఇది సాఫ్ట్‌వేర్ సమస్య కన్నా నమ్మకం సమస్య. మన దగ్గర ఏపీ ఫైబర్‌నెట్ దగ్గర్నుంచి ప్రైవేట్ ఆపరేటర్ల దాకా, ఇంటి గుమ్మం దాకా చివరి తీగ చాలాచోట్ల లోకల్ కేబుల్ ఆపరేటర్ల చేతిలోనే ఉంది. యాప్‌లో ఆర్డర్ పెడితే ఆ కస్టమర్ కంపెనీ చేతికి వెళ్లిపోతాడేమో, తన కమిషన్ ఎగ్గొడతారేమో అని ఆయన భయం. ఆ భయం తీరకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఫోన్లే వస్తాయి.

పనికొచ్చే ఉపాయం ఒకటుంది: ఆర్డర్ కంప్లీట్ అయిన నిమిషంలోనే ఆయన వాలెట్‌లో కమిషన్ పడేలా చేయండి, అది కూడా యాప్‌లో వచ్చిన ఆర్డర్లకే. ఫోన్లో చెప్పినవాటికి నెలాఖరున. ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు. యాప్ తెలుగులో ఉండాలి, సిగ్నల్ లేని చోట కూడా ఫారం సేవ్ అవ్వాలి, కస్టమర్ వీధి పేరు టైప్ చేయించకుండా మ్యాప్ మీద చుక్క పెట్టించాలి. "రామాలయం వెనక సందు" అన్నది మన ఊళ్లలో నిజమైన అడ్రసే, డేటాబేస్‌కి మాత్రం పనికిరాదు.

ప్లాన్ మార్పు ఆటోమేట్ చేయడం కష్టమా?

అన్నిటికన్నా తేలిక, అందుకే పోర్టుల లెక్క తేల్చుకుంటూనే ఆటోమేషన్‌ని దీంతో మొదలుపెట్టమంటాను. మనిషి వెళ్లక్కర్లేదు, వస్తువు మారదు. రేడియస్‌కి 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5176 ప్రకారం, నడుస్తున్న సెషన్ తెగకుండానే స్పీడ్ ప్రొఫైల్ మార్చే సందేశం పంపొచ్చు. మీ బీఎన్‌జీ (కస్టమర్ల ఇంటర్నెట్ సెషన్లను నడిపే పరికరం) దానికి సరిగ్గా స్పందిస్తుందో లేదో ముందు పరీక్షించుకోండి.

డిస్‌కనెక్షన్ మాత్రం తేలిగ్గా కనిపించి ముంచుతుంది. బిల్లింగ్‌లో కనెక్షన్ ఆపేసి చేతులు దులుపుకుంటారు. ఓఎల్‌టీలో ఎంట్రీ అలాగే ఉంటుంది, స్ప్లిటర్ పోర్టు నిండినట్టే కనిపిస్తుంది, ఓఎన్‌టీ ఆ ఇంటి అటక మీద ఉంటుంది. బాక్స్ వెనక్కి వచ్చేదాకా, పోర్టు విడుదలయ్యేదాకా ఆ ఆర్డర్‌ని కంప్లీటెడ్ అనొద్దు.

బిల్లింగ్ ఎప్పటి నుంచి మొదలవ్వాలి?

టెక్నీషియన్ "అయిపోయింది" అన్నప్పుడు కాదు, నెట్‌వర్క్ ఒప్పుకున్నప్పుడు. రెండు విషయాలు మెషీన్‌తోనే చూడండి: యూజర్ సెషన్ లేచిందా, ఓఎన్‌టీకి అందుతున్న ఆప్టికల్ పవర్ (డీబీఎంలలో కొలిచే వెలుతురు బలం) ఎంత. క్లాస్ బీ ప్లస్ (ఒక పవర్ స్థాయి) ఆప్టిక్స్‌లో ఓఎన్‌టీ రిసీవర్ −27 డీబీఎం దాకా పనిచేయాలని స్టాండర్డ్. సరిగ్గా ఆ అంచున వదిలేస్తే, కనెక్టర్‌కి కాస్త దుమ్ము పట్టినా ఎర్ర లైటే. −25 కన్నా బలహీనంగా ఉంటే ఆర్డర్ మూయనివ్వొద్దన్నది నా అభిప్రాయం. టెక్నీషియన్ ఇంకా ఇంట్లో ఉండగానే స్ప్లైస్ మళ్లీ కొట్టించడం, వారం తర్వాత కంప్లైంట్ మీద ఇంకోసారి పంపడం కన్నా చవక.

కస్టమర్‌కి వెళ్లే ఎస్‌ఎంఎస్‌లు కొన్ని చేరడం లేదు. వర్క్‌ఫ్లో తప్పా?

చాలాసార్లు డీఎల్‌టీ (కంపెనీల ఎస్‌ఎంఎస్‌లు రిజిస్టర్ చేసే వ్యవస్థ) టెంప్లేట్ తేడా. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల కింద హెడర్ (పంపేవారి పేరు), సందేశం టెంప్లేట్ రెండూ ముందే రిజిస్టర్ చేయాలి. ఎవరో ఉత్సాహంగా "నమస్కారం" అని ఒక మాట కలిపినా టెంప్లేట్‌తో సరిపోక మధ్యలోనే ఆగిపోతుంది. లింకులు కూడా ముందే వైట్‌లిస్ట్ అయ్యుండాలి. సందేశాల మాటలు కోడ్‌లో కాకుండా, టెంప్లేట్ ఐడీతో సహా ఒకే పట్టికలో పెట్టుకోండి.

మేం మొబైల్ కూడా అమ్ముతాం. ఎంఎన్‌పీ (నంబర్ మారకుండా నెట్‌వర్క్ మారే పోర్టింగ్) ఆర్డర్లలో జాగ్రత్తలేంటి?

ఫైబర్ ఆర్డర్ మీ చేతిలో ఉంటుంది, పోర్టింగ్ ఆర్డర్‌లో ఎక్కువ భాగం బయటివాళ్ల చేతిలో ఉంటుంది. 2019 డిసెంబర్ 16 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో, అర్హత ఉంటేనే 8 అక్షరాల యూపీసీ (పోర్టింగ్ కోడ్) పుడుతుంది. మన సర్కిల్లో (టెలికాం సర్వీస్ ఏరియాలో) అది 4 రోజులే చెల్లుతుంది. పోర్టింగ్‌కి ఒకే సర్కిల్ లోపల 3 పని దినాలు పడుతుంది, సర్కిల్ దాటితే 5. ప్రస్తుత నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండాలి. 2024 జూలై 1 నుంచి, సిమ్ మార్చుకుని 7 రోజులు కాకపోతే యూపీసీ రాదు. మీ వర్క్‌ఫ్లో రోజుల తరబడి ఓపిగ్గా నిద్రపోయి, సందేశం రాగానే లేవాలి. పని దినాల లెక్కకు సెలవుల క్యాలెండర్ కూడా కావాలి.

ఇక్కడ మనవాళ్లే పడే గుంట ఒకటుంది. రాష్ట్రం 2014లో విడిపోయినా, టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ అనే ఒకే సర్వీస్ ఏరియా. ఫారంలో రాష్ట్రం పేరు చూసి సర్కిల్ నిర్ణయించే లాజిక్ రాస్తే, వరంగల్ నంబరును విజయవాడలో పోర్ట్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని సర్కిల్ దాటినట్టు లెక్కేసి తప్పు తేదీ చెబుతుంది.

కేవైసీ విషయానికొస్తే, సిమ్‌లకు 2024 జనవరి 1 నుంచి కాగితపు పద్ధతి పోయింది. కాబట్టి "ఫారం స్కాన్ చేసి అప్‌లోడ్" అన్న అడుగు మీ మొబైల్ వర్క్‌ఫ్లోలో ఇంకా ఉంటే తీసేయండి.

ఏఐతో ఇదంతా చేయించలేమా?

ఫాలౌట్ సందేశాలను వర్గాలుగా విడగొట్టడానికి, ఎల్‌సీఓ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ నుంచి ఆర్డర్ ఫారం నింపడానికి పనికొస్తుంది. ఓఎల్‌టీకి కమాండ్లు పంపే పని మాత్రం దానికి ఇవ్వొద్దు.

ఆటోమేషన్ పనిచేస్తోందో లేదో ఏ అంకెలు చూడాలి?

మనిషి చెయ్యి పడకుండా పూర్తయిన ఆర్డర్ల శాతం, ఆర్డర్ నుంచి యాక్టివేషన్‌కి పట్టిన టైమ్, మొదటి నెలలోనే కంప్లైంట్ వచ్చిన కొత్త కనెక్షన్ల శాతం. టైమ్‌కి సగటు చూడొద్దు. పది కనెక్షన్లు ఒక్కరోజులో అయి, ఒకటి నలభై రోజులు పడితే సగటు ఎవరి అనుభవాన్నీ చెప్పదు. మధ్యలో ఉన్న ఆర్డర్‌కి ఎంత పట్టిందో, అన్నిటికన్నా ఆలస్యమైన పది ఎందుకు ఆగాయో చూడండి. ఆ పదింటినీ సోమవారం పొద్దున్నే పేరుపేరునా చదివే అలవాటు డ్యాష్‌బోర్డు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

కొనుక్కోవాలా, రాయించుకోవాలా? ఒప్పందంలో ఏం ఉండాలి?

కొన్ని వేల కనెక్షన్ల దాకా తయారుగా ఉన్న ఐఎస్‌పీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడమే మంచిది. రేడియస్, బిల్లింగ్, 18 శాతం జీఎస్‌టీ ఇన్‌వాయిస్‌లు మళ్లీ రాయించుకోవడం డబ్బు దండగ. పోర్టుల రికార్డు, ఎల్‌సీఓ యాప్ లాంటి మీ ఊరి లెక్కలున్న భాగాలు సొంతంగా చేయించుకోవచ్చు.

ఒప్పందంలో ధర కన్నా ముందు మూడు విషయాలు రాయించుకోండి. మీ మొత్తం డేటా, స్ప్లిటర్ పోర్టుల పట్టికతో సహా, అడిగిన రోజే మామూలు ఫైలుగా ఇవ్వాలి. మీ దగ్గర ఉన్న ప్రతి ఓఎల్‌టీ మోడల్ మీద, మీ ల్యాబ్‌లో పరీక్ష పాసయ్యాకే చివరి వాయిదా చెల్లిస్తారు. మూడోది, ఆ పరీక్ష ఆర్డర్లలో సగం కావాలని చెడగొట్టినవై ఉండాలి: తప్పు సీరియల్, నిండిన పోర్టు, మధ్యలో తెగిన లింక్, రెండుసార్లు వచ్చిన పేమెంట్. వెండర్ మూడోదానికి ఒప్పుకోకపోతే వేరే వెండర్‌ని చూసుకోండి.